నీ వాచీ క్వార్ట్జా, మెకానికలా? ఈ ప్రశ్న వెనకాల ఉన్న ఎచ్చులు, ఖర్చు

ఈ ఎపిసోడ్ శ్రీ సిటీలో, నేనుండే రూమ్ మేడ మీద రికార్డ్ చేస్తున్నా. మధ్యలో కంపెనీ బస్సుల హారన్లు వినిపిస్తే కొంచెం సర్దుకోండి, ఇది షిఫ్ట్ మారే టైమ్.

ఈరోజు టాపిక్ వాచీలు. ఏ వాచీ కొనాలి అని రివ్యూ చేయట్లేదు. వాచీల పిచ్చి ఉన్నవాళ్ల మధ్య, అంటే నాలాంటోళ్ల మధ్య నడిచే ఎచ్చుల గురించి, ఆ ఎచ్చుల కోసం మనం పెట్టే డబ్బుల గురించి మాట్లాడుకుందాం. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చివర్లో చెప్తా.

ముందు మా రూమ్మేట్ సంగతి. పేరు వద్దన్నాడు, కథ చెప్పుకోమన్నాడు. ఇక్కడే ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో లైన్ మీద పని. చేతికొచ్చే జీతం 19 వేలు. పోయిన సంవత్సరం 42 వేలు పెట్టి ఒక స్విస్ ఆటోమేటిక్ వాచీ కొన్నాడు, లోన్ మీద. తమాషా ఏంటంటే, వాడు పనిచేసే లైన్లోకి వాచీ వేసుకెళ్లనివ్వరు. సర్క్యూట్ బోర్డుల దగ్గర లోహం తగిలినా, ఒంట్లోంచి స్టాటిక్ కరెంటు పాకినా చిప్ పోతుంది. అందుకని వాచీ, ఉంగరం అన్నీ తీసి లాకర్లో పెట్టి, మణికట్టుకి ఎర్తింగ్ పట్టీ కట్టుకోవాలి. అంటే 42 వేల వాచీ రోజుకి ఎనిమిది గంటలు లాకర్‌కి టైమ్ చెప్తా ఉంటుంది.

"మరి ఎందుకు కొన్నావురా?" అని అడిగా. "గ్రూపులో నా టైటాన్ ఫోటో పెడితే, ఒకాయన నవ్వే బొమ్మ పెట్టి 'క్వార్ట్జా?' అన్నాడన్నా" అన్నాడు. అంతే. ఒక్క మాటకి 42 వేలు.

అలకపాన్పు కాలం నుంచీ ఉన్నదే

వాచీతో గొప్ప చూపించుకోవడం మన తరం కనిపెట్టింది కాదు. మన ఇళ్లలో పెళ్లిళ్ల కథలు అడగండి. వాచీ, సైకిలు, రేడియో ఇస్తేనే అల్లుడు అలకపాన్పు దిగేవాడు. మా నాయన చేతి వాచీ అలా వచ్చిందే. 1992లో మా అమ్మ వాళ్ల నాయన సెనక్కాయల డబ్బులొచ్చాక కొనిపెట్టాడు. ఆ సంవత్సరం ఇంట్లో ఇంకెవరికీ కొత్త బట్టలు లేవని అమ్మ ఇప్పటికీ అంటుంది. మనం ముద్దుగా చెప్పుకునే పాతకాలపు పెళ్లి వాచీల వెనకాల ఇలాంటి లెక్కలు కూడా ఉన్నాయి, మర్చిపోవద్దు.

ఆ వాచీ ఆల్విన్. మీలో చాలామందికి ఈ పేరు తెలీకపోవచ్చు. హైదరాబాద్‌లో ఆల్విన్ కాలనీ ఉంది కదా, ఆ ఆల్విన్. 1942లో నిజాం కాలంలో మొదలైన కంపెనీ. బీరువాలు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసేవాళ్లు. 1980ల్లో జపాన్ సీకో కంపెనీ టెక్నాలజీతో వాచీలు కూడా చేశారు. మన తెలుగు నేల మీద తయారైన వాచీ అన్నమాట.

దానికంటే ముందు దేశమంతా హెచ్ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైంది. అందులో జనతా అనే మోడల్ ఉండేది. పేరులోనే ఉంది, జనం వాచీ. కాంచన్ అనే ఇంకో మోడల్‌కి పెళ్లిళ్లలో ఎంత డిమాండ్ అంటే, అసలు ధర మీద ఎక్కువిచ్చి బ్లాక్‌లో కొనేవాళ్లు. తర్వాత 1984లో టాటా వాళ్లు, తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ కలిసి టైటాన్ పెట్టారు. ఫ్యాక్టరీ హోసూరులో. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది ఉండే ఊరది. సన్నటి, అందమైన క్వార్ట్జ్ వాచీలతో వాళ్లు వచ్చేసరికి కీ ఇచ్చే హెచ్ఎంటీ ముసలాళ్ల వాచీ అయిపోయింది. చివరికి 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది.

ఇప్పుడు ట్విస్ట్ చూడండి. 1990ల్లో టైటాన్ క్వార్ట్జ్ పెట్టుకున్నోడు హెచ్ఎంటీ వాడిని చూసి నవ్వాడు. ఈరోజు హెచ్ఎంటీ జనతా పెట్టుకున్నోడు టైటాన్ క్వార్ట్జ్ వాడిని చూసి నవ్వుతున్నాడు. వాచీలు అవే. లోపల మెషీన్ మారలేదు. ఎవరు నవ్వాలన్నది మాత్రం మారింది.

క్వార్ట్జ్‌ని ఎందుకు చిన్నచూపు చూస్తారు?

బీటెక్ వాళ్లకి ఇది సరదాగా ఉంటుంది. క్వార్ట్జ్ వాచీలో ఒక చిన్న స్ఫటికం ముక్క ఉంటుంది. బ్యాటరీ కరెంటు తగిలితే అది సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వంకర నంబర్ ఎందుకు? అది రెండుకి పదిహేనో ఘాతం. డిజిటల్ ల్యాబ్‌లో బ్రెడ్‌బోర్డ్ మీద ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టి ఫ్రీక్వెన్సీని సగం చేశాం, గుర్తుందా? అలా పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకి ఒక్క దెబ్బ మిగులుతుంది. ఆ దెబ్బకి ముల్లు ఒక అడుగు కదులుతుంది. మనమేమో ఆ ల్యాబ్ వైవాలో బిక్కమొహం వేశాం, రెండొందల వాచీ కూడా రోజంతా అదే చేస్తా ఉంటుంది.

మెకానికల్ వాచీలో బ్యాటరీ ఉండదు. చుట్టిన స్ప్రింగు మెల్లగా విప్పుకుంటా ఉంటే, ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతా ఆ శక్తిని కొంచెం కొంచెంగా వదులుతుంది. చాలా స్విస్ వాచీలు గంటకి 28,800 సార్లు కొట్టుకుంటాయి. 3,600తో భాగిస్తే సెకనుకి ఎనిమిది. సెకన్ల ముల్లు జారుతున్నట్టు కనిపించేది అందుకే. ఆటోమేటిక్ అంటే, చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి బరువు తిరిగి ఆ స్ప్రింగుని చుడుతుంది.

మరి టైమ్ ఎవరు బాగా చెప్తారు? స్విట్జర్లాండ్‌లో కాస్క్ అనే సంస్థ టెస్ట్ చేసి క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇస్తుంది. దాని హద్దు రోజుకి సగటున నాలుగు సెకన్లు వెనక్కి, ఆరు సెకన్లు ముందుకి. రోజుకి ఆరు అంటే నెలకి మూడు నిమిషాలు. అంత తేడా వచ్చినా పాసే. ఇంకోపక్క 1989లో వచ్చిన క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ, మన స్కూల్ పిల్లల చేతికుండే ఆ నల్ల ప్లాస్టిక్ వాచీ, నెలకి ముప్ఫై సెకన్లు అటూ ఇటూ. టైమే ముఖ్యమైతే లక్షల వాచీ కంటే ఇదే మేలు. ఇంకా మాట్లాడితే జేబులో ఫోన్ ఈ రెండిటికంటే కరెక్ట్.

అంటే మెకానికల్ వాచీలు దండగ అంటున్నానా? లేదు. వేలెడంత డబ్బాలో వందకి పైగా భాగాలు, కరెంటు లేకుండా, మన చేతి కదలికతో బతుకుతాయి. వెనక అద్దంలోంచి ఆ చక్రం ఊగడం మొదటిసారి చూసినప్పుడు నేను పది నిమిషాలు అలా చూస్తా ఉండిపోయా. ఆ ఇష్టం నిజం. ఆ ఇష్టం పక్కోడి వాచీ మీద తీర్పు చెప్పేదాకా వెళ్లడం దగ్గరే నా గొడవ.

స్విస్ వాళ్లని కాపాడింది ఏంటో తెలుసా?

1969 డిసెంబర్ 25న సీకో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి వాచీని జపాన్‌లో అమ్మకానికి పెట్టారు. ధర నాలుగున్నర లక్షల యెన్లు. ఆ రోజుల్లో ఒక చిన్న కారు డబ్బు. అంటే మొదట వచ్చినప్పుడు క్వార్ట్జే ఖరీదైన వాచీ, డబ్బున్నోడి వాచీ. తర్వాత ధర పడిపోయింది, అందరి చేతికీ వచ్చింది. అందరి చేతికీ వచ్చాక అది చులకన అయింది. మెషీన్ మీద కోపం కాదండీ, అందరికీ దొరకడం మీద కోపం.

ఆ దెబ్బకి స్విస్ వాచీ పరిశ్రమ కుదేలైంది. 1970 ప్రాంతంలో దాదాపు 90 వేలమంది పనిచేసే చోట, 1980ల మధ్యకి మూడోవంతు మంది మిగిలారు. అప్పుడు వాళ్లని లేపి నిలబెట్టింది ఏంటి? 1983లో వచ్చిన స్వాచ్. రంగురంగుల ప్లాస్టిక్ బాడీ, లోపల క్వార్ట్జ్! ఒమేగా, లాంజిన్, టిస్సో ఇవన్నీ ఈరోజు ఆ స్వాచ్ గ్రూపులోవే. ఈసారి ఎవరైనా మీ క్వార్ట్జ్ చూసి మొహం చిట్లిస్తే ఈ ముక్క నెమ్మదిగా చెప్పండి.

2022 మార్చిలో ఒమేగా, స్వాచ్ పేర్లు కలిపి మూన్‌స్వాచ్ వచ్చింది. అదీ క్వార్ట్జే. ప్రపంచమంతా షాపుల ముందు క్యూలు, తోపులాటలు. రోజూ క్వార్ట్జ్‌ని వెక్కిరించేవాళ్లు కూడా ఆ క్యూలో ఉన్నారు. ఎందుకు? పైన ఒమేగా అని రాసుంది, పైగా అందరికీ దొరకట్లేదు.

దీనికి 1899లోనే థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే ఆర్థికవేత్త ఒక పుస్తకం రాశాడు. డబ్బున్నవాళ్లు చాలా వస్తువులు కొనేది వాడుకోవడానికి కాదు, కొనగలమని పదిమందికీ తెలియడానికి అంటాడు. అలాంటి వస్తువుకి ధర పెంచితే గిరాకీ తగ్గదు, పెరుగుతుంది. అలాంటివాటిని ఇప్పుడు వెబ్లెన్ గూడ్స్ అంటారు. మన భాషలో పెళ్లిలో వందో రకం కూర లాంటిది. తినేవాడు లేకపోయినా లెక్కలో ఉండాలి.

మెట్ల మీద మెట్లు

వాచీ సర్కిల్‌లో ఈ ఎచ్చులు మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టు మీద 'క్వార్ట్జా?' అంటారు. నువ్వు ఆటోమేటిక్ కొంటావు. రెండో మెట్టు 'జపానా? స్విస్ కాదా?' స్విస్ కొంటావు. మూడో మెట్టు 'లోపల మెషీన్ వాళ్ల సొంతదేనా?' ఇక్కడ కొంచెం ఆగాలి.

చాలా స్విస్ బ్రాండ్లు మెషీన్ సొంతంగా చేయవు. ఈటీఏ, సెలీటా లాంటి కంపెనీల దగ్గర కొని పెట్టుకుంటాయి. అందులో తప్పేముంది? ఫియట్ వాళ్ల 1.3 డీజిల్ ఇంజిన్ మారుతి స్విఫ్ట్‌లో ఉండేది, టాటా ఇండికా విస్టాలోనూ ఉండేది. స్విఫ్ట్ నడిపినోళ్లు ఎవరైనా సిగ్గుపడ్డారా? పైగా అందరూ వాడే మెషీన్ అయితే రిపేరు తేలిక, స్పేర్లు దొరుకుతాయి. కానీ సర్కిల్‌లో అది తక్కువ. సరే, సొంత మెషీన్ ఉన్నదే కొంటావు. నాలుగో మెట్టు 'డబ్బాతో, పేపర్లతో ఉందా?' ఐదో మెట్టు 'షోరూమ్‌లో వెయిటింగ్ లిస్టులో వచ్చిందా, బయట కొన్నావా?'

పైమెట్టు ఉందేమో అని చూడకండి, ఉంటుంది. మన ప్రభుత్వం కూడా ఇది కనిపెట్టింది. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన చేతి వాచీ కొంటే ఒక శాతం టీసీఎస్ కట్టించుకుంటున్నారు. ఆ లిస్టులో వాచీ పక్కన పెయింటింగులు, పడవలు, హెలికాప్టర్లు ఉన్నాయి. సినిమా హీరో చేతి వాచీ ఎన్ని కోట్లో జూమ్ చేసి చెప్పే రీల్స్ మనమంతా చూస్తాం కదా. ఆ ప్రపంచం అది. మనం 19 వేల జీతంతో అదే మెట్ల వరస పట్టుకున్నాం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు.

వాయిదా లెక్క

మా వాడి లోన్ లెక్క బోర్డు మీద వేద్దాం. వాచీ 42,000. ఏడాదికి 14 శాతం ఫ్లాట్ వడ్డీ, 24 నెలలు. ఫ్లాట్ అంటే ఏంటంటే, నువ్వు సగం అప్పు తీర్చేసినా వడ్డీ మాత్రం మొదటి 42,000 మీదే వేస్తారు. రెండేళ్ల వడ్డీ 11,760. మొత్తం 53,760. నెలకి 2,240. నిజానికి తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఆ 14 శాతం దాదాపు 25 శాతంతో సమానం. లోన్ తీసుకునేటప్పుడు 'ఫ్లాటా, రెడ్యూసింగా' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అవతలివాడి గొంతు మారిపోతుంది.

ఇప్పుడు అమ్మేద్దామని చూస్తే 26,000కి అడిగారు. చిన్న స్విస్ బ్రాండ్లు షోరూమ్ గడప దాటగానే ధర పడిపోతాయి. 'వాచీ అంటే ఇన్వెస్ట్‌మెంటు' అనే మాట నాలుగైదు మోడళ్ల గురించి పుట్టింది, అది చెప్పి మిగతా వందల మోడళ్లు అమ్ముతున్నారు. మా వాడికి పడేది 53,760 లోంచి 26,000 తీసేస్తే 27,760 నష్టం. వాడి జీతంలో నెలన్నర. పైగా మెకానికల్ వాచీకి ఐదేళ్లకోసారి సర్వీసు కావాలి, దానికి వేలల్లో అవుతుంది. ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

వాడి చెల్లెలు ఇంటర్. మొన్న కాలేజీ ఫీజు కట్టడానికి నన్ను ఐదు వేలు చేబదులు అడిగాడు. చేతికి ఆ వాచీతోనే అడిగాడు. నేనిచ్చా. ఇద్దరం వాచీ మాట ఎత్తలేదు.

నేను చేసిన పని

వాడికి నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్తా.

మూడేళ్ల కింద చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు ఒక వాచీల మీటప్‌కి వెళ్లా. నా దగ్గర ఖరీదైనది లేదు. మా నాయన ఆల్విన్ అడిగి తీసుకెళ్లా. పాత వాచీ కదా, మర్యాద దొరుకుతుంది అనుకున్నా. డయల్ తెలుపు కాస్తా పసుపు తిరిగింది. పన్నెండు అంకె పక్కన ఒక గోధుమరంగు మచ్చ. ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని, "వాచీ మంచిదే బాబూ, కానీ ఈ మొహంతో బయటికి తేకూడదు" అని టేబుల్ మీద పెట్టేశాడు. పక్కనున్నోళ్లు నవ్వారు. నేనూ నవ్వా.

మరుసటి వారమే ఒక రిపేరు షాపులో ఇచ్చా. 1,800 తీసుకుని డయల్‌కి కొత్త రంగు వేసిచ్చారు. మెరిసే నీలం. అద్దం కొత్తది. నాకు భలే నచ్చింది. మళ్లీ మీటప్‌కి తీసుకెళ్తే అదే మనుషులు, "అయ్యో, ముంబై స్పెషల్ చేసేశావే" అన్నారు. పాత వాచీలకి ఇష్టమొచ్చిన రంగు డయల్ వేసి అమ్మేవాటికి ఆ సర్కిల్‌లో ఆ పేరు. మచ్చ ఉంటే ఒక నవ్వు, మచ్చ తీస్తే ఇంకో నవ్వు.

వాళ్ల సంగతి వదిలేయండి. సంక్రాంతికి ఊరికి తెచ్చి నాయనకిచ్చా. చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "పన్నెండు కాడ మచ్చ ఏమైంది నాయనా?" అన్నాడు. తీయించేశానన్నా. "నువ్వు పుట్టిన రాత్రి వాన. మోటారు సైకిలు లేదు, సత్యవేడు దాకా తడుసుకుంటా నడిచినా. అప్పుడు నీళ్లు దిగి పడిన మచ్చ అది" అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. వాచీ బీరువాలో పెట్టేశాడు. ఇప్పుడు చేతికి ఏమీ పెట్టుకోడు, టైమ్ కావాలంటే ఫోన్ చూస్తాడు.

రీడయల్ అంటే పాత రేకు మీది రంగు గీకేసి, అదే రేకు మీద కొత్తది అచ్చేస్తారు. పాతది వెనక్కి రాదు. షాపుకెళ్లి అడిగా. "ఇంకెక్కడుంటుంది సార్" అన్నారు. వాళ్ల తప్పు లేదు, నేను అడిగిందే చేశారు.

మరి ఏం చేద్దాం?

వాచీలు ఇష్టమైతే కొనండి. నేనూ కొంటున్నా. ఈ నాలుగు మాత్రం పాటిస్తున్నా.

వాచీ మీద అప్పు వద్దు, నో కాస్ట్ ఈఎంఐ కూడా వద్దు. చాలాసార్లు ఆ కాస్ట్ మీకొచ్చే డిస్కౌంట్‌లోంచే పోతుంది. డబ్బు మొత్తం కూడబెట్టాక కూడా ఒక నెల ఆగండి. నెల తర్వాత కూడా అదే వాచీ కావాలనిపిస్తే అది మీ ఇష్టం. అనిపించకపోతే అది గ్రూపులో ఎవరో అన్న మాట.

ఎవరికీ ఫోటో పెట్టే వీలు లేకపోతే ఈ వాచీ కొంటానా అని ఒకసారి అడుక్కోండి. నా దగ్గర ఈ పరీక్షలో రెండు ఫెయిలయ్యాయి, అమ్మేశా.

ఆన్‌లైన్‌లో పాత హెచ్ఎంటీ, ఆల్విన్ కొనేటప్పుడు జాగ్రత్త. నలభై ఏళ్ల వాచీ డయల్ నిన్న పెయింట్ వేసినట్టు మెరుస్తుంటే, అక్షరాలు వంకరగా ఉంటే, దాదాపుగా అది రీడయలే. పాత కేటలాగ్ ఫోటోలతో పోల్చి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల వాచీ ఉంటే లోపల మెషీన్ మాత్రం శుభ్రం చేయించండి. డయల్ జోలికి పోవద్దు, పాలిష్ వద్దు. ముందు ఆ మచ్చ కథ అడగండి.

నాలుగోది. ఎవరైనా కొత్తగా వచ్చి తన వాచీ చూపిస్తే, 'ఎంత?' అనీ, 'క్వార్ట్జా?' అనీ అడక్కండి. 'ఎక్కడిది ఇది?' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు నన్ను ఎవరైనా అడిగుంటే నేను ఆ షాపుకి వెళ్లేవాణ్ని కాదు. మా రూమ్మేట్ కూడా షోరూమ్‌కి వెళ్లేవాడు కాదేమో.

ఒక్క విషయం చెప్పి ముగిస్తా. మన తిరుమల హుండీలో భక్తులు డబ్బు, బంగారంతో పాటు చేతి వాచీలు కూడా వేస్తారని తెలుసు కదా. టీటీడీ వాటిని పోగు చేసి, లాట్లుగా కట్టి అప్పుడప్పుడు ఈ-వేలం వేస్తుంది. ఆ ప్రకటనల్లో టైటాన్, క్యాసియో, టైమెక్స్, సొనాటా, ఫాస్ట్‌ట్రాక్, ఆల్విన్ పేర్లు ఒకే వరసలో ఉంటాయి. కొత్తవి, వాడినవి, కొంచెం దెబ్బతిన్నవి. వేసినవాళ్లలో ఎవరూ క్వార్ట్జా మెకానికలా అని చూసుకుని వేసి ఉండరు. చేతికున్నది తీసి వేశారు, అంతే.

ఈ వారం ఊరికెళ్తున్నా. నాయన వాచీకి సర్వీసు చేయించి, ఆ నీలం డయల్‌తోనే కీ ఇచ్చి ఆయన చేతికి కట్టాలని ఉంది. కట్టించుకుంటాడో లేదో తెలీదు. వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి.